మనుష్యుల మెప్పా, దేవుని మెప్పా? – బిషప్ అజరయ్య గారి జీవితములో కొన్ని ఘట్టములు

గలతీయ సంఘములకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయము పదవ వచనములో పౌలు భక్తుడు తన్ను తానే నిలదీసి అడుగుకొన్న ప్రశ్న ఒకటి ఉన్నది. తాను వెదకేది మనుష్యుల ఆమోదమా, దేవుని ఆమోదమా అన్నదే ఆ ప్రశ్న. ఇంకా మనుష్యులను సంతోషపెట్టే పనిలోనే ఉంటే క్రీస్తు దాసుడనే పేరుకు తాను తగనని కూడ అక్కడే తేల్చుకొన్నాడు. యోహాను సువార్త పన్నెండవ అధ్యాయము చివరి భాగములో దీనికి ఎదురు చిత్రము కనబడుతుంది. అధికారులలో అనేకులు యేసు ప్రభువును నమ్మారు. కాని సమాజమందిరములో నుండి వెలివేస్తారనే భయముతో ఆ మాట పైకి చెప్పలేదు. దేవుడిచ్చే మెప్పు కంటె మనుష్యులిచ్చే మెప్పే వారికి తీపి అయినదని సువార్తికుడు వ్రాశాడు.

ప్రియ సంఘస్థులారా, ఈ వాక్యభాగములు మనకు క్రొత్తవి కావు. వీటి మీద నేనే ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మన పాస్టరేట్ కమిటీలలో తమ మాట నెగ్గనివారు, తగవులో పెద్దలు తప్పు పట్టినవారు లేచి నిలబడి, "నాకు మీ మెప్పు అక్కరలేదు, దేవుని మెప్పు చాలు" అని కండువా దులుపుకొని వెళ్ళిపోవడము కూడ నేను చూశాను. పౌలు భక్తుని మాటను ఇలా మొండితనానికి ముసుగు వేయడానికి వాడుకొనేవారే ఎక్కువగా కనబడతారు. దేవుని మెప్పు కోరడమూ, మనుష్యుల మాట చెవిని పెట్టకపోవడమూ ఒకటేనా? ఈ ప్రశ్నకు పుస్తకములలో కంటె ఒక మనిషి జీవితములో నాకు మంచి జవాబు దొరికింది. మన పెద్దల ఇండ్లలో గోడ మీద ఫోటోగా మిగిలిన బిషప్ అజరయ్య గారే ఆ మనిషి. 1920 తరువాత కృష్ణా తీరమునుండి నంద్యాల ప్రాంతము వరకు తెలుగుదేశపు ఆంగ్లికన్ సంఘములలో అధిక భాగము ఆయన అధ్యక్షత్వము క్రిందనే ఉండేవి గనుక ఆయన కథ మన తాత ముత్తాతల కథ కూడ.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి గారు పల్లెటూరి గురువు. కుమారుడు చిన్నతనములో ఉండగానే తండ్రి గతించారు. తల్లి పెంపకములో చదువుకొని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు గాని, చివరి పరీక్షల సమయములో జబ్బు పడి పట్టా లేకుండానే బయటకు వచ్చారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చింది. ఇరువదియేండ్ల వయస్సులో పట్టా పోయిందని ఏడ్చుకొన్నట్లు గాని, నలుబది ఆరేండ్ల వయస్సులో పట్టము వచ్చిందని పొంగిపోయినట్లు గాని ఆయనను గూర్చి ఎవరూ వ్రాయలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించారు. 1902లో యాళ్పాణము వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సువార్తికులను పంపడము చూసి, మావారు ఎందుకు పంపరాదు అని మథనపడ్డారు. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. తమిళ సంఘముల కానుకలతో తమిళ సువార్తికులు నిజాం రాజ్యములోని మన డోర్నకల్ అడవి ప్రాంతానికి వచ్చారు. ఇతరులను పంపితే చాలదని అజరయ్య గారు కూడ 1909లో గురుపట్టము పొంది డోర్నకల్ చేరుకొన్నారు. అప్పటికి వయస్సు ముప్పది అయిదు. ఆ వయస్సులో తెలుగు అక్షరములు దిద్దడము మొదలుపెట్టారు.

ఇప్పుడు 1910 జూన్ నెలకు వద్దాము. స్కాట్లండు దేశములోని ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జూన్ 14 నుండి 23 వరకు జరిగింది. వచ్చిన ప్రతినిధులు సుమారు 1,200 మంది. అందులో ఆసియా దేశస్థులు ఇరువది మంది కూడ లేరు. మిగిలినవారిలో దాదాపు అందరూ ఐరోపా, అమెరికా దేశములవారు. మిషను సొసైటీల అధిపతులు, ధర్మకర్తలు, ఏండ్ల తరబడి మన దేశములో పనిచేసిన దొరలు, దొరసానులు. జూన్ 20వ తేదీ రాత్రి సభలో అజరయ్య గారు మాట్లాడవలెను. ఇచ్చిన అంశము విదేశీ సేవకులకూ స్వదేశీ సేవకులకూ మధ్య సహకారము.

ఒక్క క్షణము ఆ వేదిక మీద మనలను మనము నిలబెట్టుకొని చూద్దాము. గురుపట్టము పొంది ఎక్కువ కాలము కాలేదు. చదువు చెప్పినవారూ, పనిలో పెట్టినవారూ, సువార్త తెచ్చి తండ్రిని రక్షణ మార్గములో నడిపించినవారూ ఆ జాతివారే. ముందు రాబోయే అవకాశములన్నీ ఆ సభలో కూర్చున్నవారి తోడ్పాటు మీద ఆధారపడినవే. అటువంటి చోట మనవంటివారము ఏమి మాట్లాడుతాము? మీ త్యాగము గొప్పది, మీ ఋణము తీర్చుకోలేము అని చేతులు జోడిస్తాము. అందులో అబద్ధము కూడ లేదు. చప్పట్లు మ్రోగుతాయి. ఇంటికి వస్తాము.

అజరయ్య గారు వారి త్యాగమును కాదనలేదు. ఆ తరువాతనే అసలు మాట చెప్పారు. మిషనరీకీ, అతనితో పనిచేసే భారతీయునికీ మధ్య స్నేహము అనదగినది చాల చోట్ల లేదన్నారు. ఉన్నది యజమానికీ జీతగానికీ మధ్య ఉండే సంబంధమే అన్నారు. పెద్దరికము చూపించే ధోరణి మంచివారిలో కూడ పోవడము లేదన్నారు. ఒక బల్ల దగ్గర భోజనము చేయడము, ఇంటికి వచ్చి కూర్చోవడము, చేయి కలపడము వంటి చిన్న సంగతులనే ఎత్తి చూపించారు. క్రీస్తు మహిమైశ్వర్యమును తెల్లవారు ఒక్కరే గాని, మనము ఒక్కరమే గాని పూర్తిగా గ్రహించలేమనీ, అందరము కలిసి ఆరాధించి కలిసి పనిచేసినప్పుడే అది తెలుస్తుందనీ అన్నారు. చివరకు మొదటి కొరింథీ పత్రిక పదమూడవ అధ్యాయమును మనస్సులో ఉంచుకొని, మీరు ఆస్తి ఇచ్చారు, ప్రాణములు కూడ ఇచ్చారు, మేము ప్రేమను అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అని అర్థము వచ్చేటట్లు ముగించారు.

సభలో కలకలము రేగింది. కొందరు మెచ్చుకొన్నారు. కొందరు నొచ్చుకొన్నారు. కొందరు ఆగ్రహించారు. ఆ మహాసభ చరిత్ర వ్రాసినవారు ఆ రాత్రిని విడిచిపెట్టరు. పది రోజులలో మాట్లాడినవారు ఎందరో ఉన్నా, నేటి వరకు జనము చెప్పుకొనేది ఆయన మాటనే.

ఇక్కడ ఒక వ్యత్యాసము గమనించాలి. శత్రువుల మెప్పు వదులుకోవడము అంత కష్టము కాదు. దానికి కొంచెము రోషము చాలు. ఉపకారము చేసినవారి మెప్పు వదులుకోవడమే కష్టము. ఇది నాకు అనుభవముతో తెలిసిన సంగతి గనుక ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొంటాను.

నేను వేదాంత కళాశాల నుండి వచ్చి మొదటి పాస్టరేట్‌లో ఉన్న రోజులు. అక్కడి సంఘములో భూమి ఉన్న ఒక పెద్దమనిషి గుడికి క్రొత్త రేకులు వేయిస్తానని మాట ఇచ్చాడు. కోతపండుగ ఆదివారము ప్రసంగానికి యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము ఎన్నుకొన్నాను. కూలి బిగబట్టబడిన పనివారి మొర ప్రభువు చెవిని పడడము గూర్చిన భాగమది. ఆ పెద్దమనిషి పొలములో కోత కోసినవారికి రెండు నెలలుగా కూలి బాకీ ఉన్నదని ఊరంతటికి తెలుసు. శనివారము రాత్రి లాంతరు ముందు కూర్చొని కాగితము చించివేసి, కృతజ్ఞతను గూర్చి మరొక ప్రసంగము వ్రాసుకొన్నాను. ఆరాధన అయిన తరువాత కూలికి పోయే ఒక ముసలి తల్లి దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ పొద్దు వాక్యం బాగా చెప్పిండ్రు. ఎవరికీ నొప్పి తగల్లేదు" అని దండము పెట్టి వెళ్ళింది. ఆమె ఎగతాళికి అన్నదో, నిజముగానే అన్నదో నేటికీ నాకు తెలియదు. రేకులు మాత్రము వచ్చాయి.

ఎడింబరో సంగతి తరువాత అజరయ్య గారి దారి మూసుకొని పోలేదు. మద్రాసు అధ్యక్షుడైన వైట్‌హెడ్ దొరగారు ఆయన పక్షముగా నిలిచారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు కథీడ్రలులో ఆయన అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. చనిపోయేవరకు, అంటే మరి ముప్పది రెండేండ్లు, స్వంత డయోసీసు గల భారతీయ అధ్యక్షుడు ఆంగ్లికన్ సంఘములో ఆయన తప్ప మరొకరు లేరు. దీనికి వచ్చిన అభ్యంతరములు కొల్లలు. తెల్ల గురువులు ఒక నల్లని అధ్యక్షుని క్రింద ఎలా పనిచేస్తారని కొందరు మిషనరీలు అడిగారు. తిరునల్వేలిలో ఆయన తోటి క్రైస్తవులలోనే కొందరు కులభేదమును మనస్సులో పెట్టుకొని ఎదురు చెప్పారు. మొదట డోర్నకల్ చుట్టుప్రక్కల చిన్న ప్రాంతమునే ఆయనకు అప్పగించడములో ఆ అభ్యంతరములకు కొంత తల ఒగ్గిన జాడ కనబడుతుంది. ఆయన దాని మీద వాదించలేదు. ఎద్దుబండి ఎక్కి పల్లెలకు వెళ్ళారు.

పల్లెలలో ఆయన చేసిన పని మన అవ్వలు, తాతలు చెప్పగా విన్నదే. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యములను వెళ్ళగొట్టవలెనని బోధించేవారు. బాప్తిస్మము పొందినవారిని లేపి నిలబెట్టి, ప్రతివారూ తన చేయి తన తల మీద పెట్టుకొని, నేను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడను, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. కొరింథీయులకు పౌలు వ్రాసిన మాటను అక్షరము రాని కూలివాని తల మీదికి తెచ్చిన పద్ధతి అది. చేతిలో డబ్బు లేనివారిని కూడ కానుక ఇవ్వకుండా ఊరకొననిచ్చేవారు కాదు. పేదవాడు గదా అని జాలిపడి వదిలేయడము వానిని తక్కువ చేయడమేనని ఆయన నమ్మకము. క్రైస్తవ కానుకలను గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము అనేక దేశములలో చదివారు. మాలపల్లె, మాదిగపల్లె భేదము గుడిలోనికి రావడము ఆయనకు సహించేది కాదు. ప్రభువు బల్ల ఒకటి, పాత్ర ఒకటి అన్నదాని దగ్గర సడలింపు లేదు. జనమును పోగొట్టుకొంటామేమో అయ్యగారూ అని ఉపదేశకులు భయపడిన ఊళ్ళు లేకపోలేదు. అయినా 1930ల చివరికి డోర్నకల్ డయోసీసు విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షతా పండుగనాడు ప్రతిష్ఠించిన డోర్నకల్ కథీడ్రలును చూసినవారికి ఆయన మనస్సు మరికొంత తెలుస్తుంది. గుమ్మటములు మసీదులను, రాతి స్తంభములు దేవాలయ మండపములను జ్ఞాపకము చేస్తాయి. ఇంగ్లండు గుడికి నకలు కట్టి దొరలను మెప్పించవలెనన్న తలంపు అందులో లేదు.

అయితే దొరలను మెప్పించనివాడు దేశనాయకులనైనా మెప్పించాలి గదా! అదీ జరగలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ భాగమే.

1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము కమ్యూనల్ అవార్డు ప్రకటించింది. దాని ప్రకారము భారత క్రైస్తవులకు కూడ ప్రత్యేక నియోజకవర్గములు వచ్చాయి. క్రైస్తవుల స్థానములకు క్రైస్తవులే ఓటు వేసుకొంటారు. లోకరీతిగా చూస్తే అది సంఘానికి లాభము. మన క్రైస్తవ నాయకులలో దానిని కోరినవారు ఉన్నారు. అజరయ్య గారు దానిని గట్టిగా వ్యతిరేకించారు. సంఘము ఓట్ల కోసము గీత గీసుకొన్న ఒక కులముగా మారిపోతుందనీ, పొరుగువారికీ మనకూ మధ్య గోడ లేస్తుందనీ, క్రీస్తు సంఘపు స్వభావమునకే అది దెబ్బ అనీ ఆయన వాదన. మా సీట్లు మాకు వద్దంటాడేమిటి ఈ బిషప్ అని స్వజనులు సణిగారు.

ఈ విషయములో ఆయన జాతీయవాదులకు దగ్గరగా నిలిచారు గనుక వారైనా సంతోషించి ఉంటారనుకొంటాము. కాని నాలుగేండ్లు తిరిగేసరికి వాతావరణము మారింది. 1935 అక్టోబరు 13న యేవలాలో అంబేద్కర్ గారు, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. దేశమంతట అణగద్రొక్కబడిన జనుల మతమార్పిడిని గూర్చి చర్చ చెలరేగింది. గాంధీ మహాత్ముడు తన హరిజన్ పత్రికలో గుంపులు గుంపులుగా జరిగే బాప్తిస్మములను తీవ్రముగా విమర్శించారు. మతముల మంచిచెడ్డలు తేల్చుకొనే శక్తి ఆ పేదలకు లేదన్నది ఆయన అభిప్రాయము. తెలుగుదేశపు సంఘముల పెరుగుదలను గూర్చి వచ్చిన నివేదికలను కూడ ఆయన నమ్మలేదు. దేశము యావత్తు ఎవరి పాదములకు మ్రొక్కుతున్నదో ఆయన నోట ఆ మాట రావడము సామాన్యమా? అజరయ్య గారు ఖద్దరు కట్టేవారినీ, కాంగ్రెసు వారినీ ద్వేషించినవారు కారు. వందేండ్లుగా తెల్లవారి నీడ అనిపించుకొన్న సంఘమును ఈ మట్టిలో నాటవలెనన్నదే ఆయన తపన. అయినా ఈ విషయములో వెనుకకు తగ్గలేదు. పేదవానికి ఆత్మ ఉన్నది, మనస్సాక్షి ఉన్నది, తన దేవుని తాను ఎన్నుకొనే హక్కు ఉన్నది అన్నారు. మాల మాదిగల జీవితములలో వచ్చిన మార్పు చూసి ఊరిలోని ఇతర కులములవారు వేలాదిగా సంఘములోనికి రావడమే దానికి సాక్ష్యమన్నారు.

ఇటు మిషనరీలలో కొందరికి కోపము. అటు క్రైస్తవ రాజకీయులకు కోపము. ఆపైన దేశనాయకులకు కోపము. ఇంతమందికి కోపము తెప్పించాడు గనుక ఈయన తప్పక దేవుని మనిషి అని ముగిస్తే మన కమిటీలో కండువా దులుపుకొన్న పెద్దమనిషి వాదనే నెగ్గినట్లవుతుంది. అందరికీ చెడ్డ అయినంత మాత్రాన దేవునికి మంచి అయినట్లు కాదు. ఈ లెక్క తేలవలెనంటే ఇంకొక సంఘటన చెప్పాలి.

యేవలా ప్రకటన తరువాతి కాలములో అంబేద్కర్ గారికీ అజరయ్య గారికీ మధ్య సంభాషణ జరిగింది. అంబేద్కర్ గారు బైబిలు చదివిన మనిషి, క్రీస్తును గూర్చి తెలియనివారు కారు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. మేము క్రైస్తవులమైతే ఎక్కడ ఉన్నా అందరము ఒకే సంఘముగా ఉంటామా? కుల వివక్షత నుండి పూర్తిగా విడుదల పొందుతామా? అప్పటికి మన తెలుగుదేశములోనే ఒక ఊరు ఆంగ్లికన్, ప్రక్క ఊరు బాప్తిస్టు, ఆ ప్రక్క ఊరు లూథరను, గోదావరి దాటితే మరొకటి. కులము సంగతి చెప్పనక్కరలేదు. అజరయ్య గారు రెండింటిలో ఒక ప్రశ్నకైనా అవునని చెప్పలేకపోయారు. తన జన్మలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదని ఆయన తరువాత చెప్పుకొన్నారు.

ఎడింబరో కలకలమునకు ఆయన సిగ్గుపడలేదు. మహాత్ముని విమర్శకు సిగ్గుపడలేదు. సంఘమునకు బయటనున్న ఒక మనిషి నెమ్మదిగా అడిగిన రెండు ప్రశ్నలకు సిగ్గుపడ్డారు. ఎందుకు? అంబేద్కర్ గారి మెప్పు కావాలని కాదు. ఆ రెండు ప్రశ్నలు ప్రభువు అడిగే ప్రశ్నలేనని ఆయన గుర్తుపట్టారు. అందరూ ఏకమై ఉండవలెనని యోహాను పదిహేడవ అధ్యాయములో ప్రభువు ప్రార్థించాడు. ఆ ప్రార్థనకు మన జవాబు ఏదని ఇప్పుడొక బయటివాడు అడుగుతున్నాడు. దేవుని మెప్పు కోరేవానికి చెవులు మూసుకొనే స్వతంత్రము లేదని నేను నేర్చుకొన్నది ఇక్కడనే. మనుష్యులు పొగడినప్పుడూ తిట్టినప్పుడూ అతడు కదలకపోవచ్చును. కాని వారి మాటలో దేవుని స్వరము వినబడితే అందరి కంటె ముందు కదలవలసినవాడు అతడే. పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాస్తూ, మనుష్యులు తనకు తీర్పు తీర్చడము అల్పమైన సంగతి అన్న వెంటనే, తనకు తానే తీర్పు తీర్చుకోను, తీర్పు తీర్చేవాడు ప్రభువే అన్నాడు గదా. మొదటి సగము మనకు బాగా కంఠస్థము. రెండవ సగము చదివేటప్పటికి కండువా భుజము మీదికి చేరిపోతుంది.

సంఘ ఐక్యత విషయములో అజరయ్య గారి పని అంబేద్కర్ గారి ప్రశ్నతో మొదలైనది కాదు. 1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకొన్నప్పుడు అధ్యక్షత వహించినవారు ఆయనే. ఆ 33 మందిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. మన విభజనలు మనము తెచ్చుకొన్నవి కావు, ఇతర దేశములనుండి మన మీద పెట్టినవి అని అక్కడ ఒప్పుకొని ఐక్యతకు పిలుపునిచ్చారు. 1927లో లోజాన్ పట్టణపు సభలో పాశ్చాత్య సంఘముల పెద్దల ముందు, క్రైస్తవ దేశములలో విభజన ఒక బలహీనత కావచ్చును గాని మా దేశములో అది పాపమూ అపవాదూ అని నిష్కర్షగా చెప్పారు. ఎడింబరోలో నిలబడిన మనిషే పదిహేడేండ్ల తరువాత మరల నిలబడ్డాడు. ఇంగ్లండులో ఆయన సొంత సంఘపు పండితులలో కొందరు ఈ ఐక్యతా పథకమును ఏండ్ల తరబడి అడ్డగించారు. బిషపులు చేతులుంచని గురువులను ఎలా అంగీకరిస్తారు అన్నది వారి పేచీ. ఒక్కొక్క వాక్యము మీద ఒక్కొక్క సంవత్సరము గడిచింది. ఓర్పు లేనివాడైతే, ఎవరి మెప్పూ నాకు వద్దని డోర్నకల్ వరకు తన సంఘమును వేరు చేసుకొని పోయేవాడు. ఆయన ఆ పని చేయలేదు. కూర్చొని విన్నారు, వాదించారు, దిద్దారు, మరల కూర్చొన్నారు. ఎడింబరోలో చూపిన ధైర్యము కంటె ఈ ఇరువదియైదేండ్ల ఓర్పే గొప్పదని నేను అనుకొంటాను. దీనిని గూర్చి మన సండే స్కూలు పుస్తకములలో ఒక్క పేజీ కూడ లేకపోవడము లోటు.

1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో జ్వరముతో అజరయ్య గారు ప్రభువునందు నిద్రించారు. అదే జనవరి నెలలో ఇండియా, బర్మా, సిలోను ఆంగ్లికన్ సంఘపు మహాసభ ఐక్యతా పథకమును అంగీకరించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమయింది. అంబేద్కర్ గారి మొదటి ప్రశ్నకు మన ప్రాంతమువరకు ఒక జవాబు అలా వచ్చింది. ఇంకా పూర్తి జవాబు కాదు. బాప్తిస్టు సహోదరులూ, లూథరను సహోదరులూ నేటికీ వేరుగానే ఉన్నారు.

రెండవ ప్రశ్న సంగతి. పాస్టరుగా నేను ప్రతి ఏడాదీ గుడిలో పెండ్లి ప్రకటనలు చదువుతాను. మూడు ఆదివారములు వరుసగా, వీరి వివాహమునకు అడ్డు ఏదైనా తెలిసినవారు చెప్పవలెనని సంఘమును అడుగుతాను. ఇటీవల ఈ వ్యాసము కొరకు పాత రిజిష్టర్లు తీసి, నేను పనిచేసిన పాస్టరేట్లలో ఈ పదిహేనేండ్లలో చదివిన ప్రకటనలన్నీ ఒక సాయంత్రము కూర్చొని చూశాను. ఒకే పాత్రలో నుండి త్రాగే ఆ రెండు పల్లెల మధ్య కుదిరిన సంబంధములు మూడు ఉన్నాయి. అందులో ఒకదానికి పెండ్లికూతురు తండ్రి గుడికి రాలేదు. ఆయన మా కమిటీ సభ్యుడు.